వేసవి సెలవులలో పల్లె పాఠము

వేసవి సెలవులు సమీపించినవనగా మన బరంపురము వీధులలో రెండు విధములైన ఆలోచనలు బయలుదేరును. పిల్లలకు మామిడిపండ్లు, గోపాలపురము సముద్రతీరము, ఇచ్ఛాపురమునకు అవతలనున్న అమ్మమ్మగారి ఊరు జ్ఞప్తికి వచ్చును. తల్లిదండ్రులకు ట్యూషను మాస్టరుగారు జ్ఞప్తికి వత్తురు. ఈ రెండింటి నడుమ మూడవ ఆలోచన యొకటి కలదు. కళాశాలలలో చదువు అన్నలును అక్కలును కొందరు సెలవులలో నెలయో రెండు నెలలో పల్లెలకు పోయి, గ్రామాభివృద్ధికై పాటుపడు సంస్థలలో పని నేర్చుకొనుచున్నారు. దీనినే ఇంటర్న్‌షిప్ అనుచున్నారు.

మా పాఠశాలలో చదివి పై చదువులకు పోయిన యొక బాలిక తండ్రిగారు ఇటీవల మా వద్దకు వచ్చి, "మా అమ్మాయి కొండమీది పల్లెకు పోయి నెల్లాళ్ళు ఉంటానంటోంది మాస్టారూ! దానివల్ల మార్కులు వస్తాయా, ఉద్యోగం వస్తుందా, అసలు ఏమొస్తుంది?" అని యడిగిరి. అప్పటికి మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఆ లోటును తీర్చుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా మన ఇరుగుపొరుగున జరిగిన యొక కథ వినుడు. బరంపురమునకు సమీపమున మొహుదా అను గ్రామము కలదు. అచ్చట 'గ్రామ వికాస్' అను సంస్థయొక్క కేంద్రమున్నది. ఆ సంస్థ పేరు మన జిల్లాలో చాలమంది వినియున్నారు. కాని అది విద్యార్థుల సేవాయాత్రనుండి పుట్టినదని ఎరిగినవారు కొలదిమందియే.

1971వ సంవత్సరమున తూర్పు బంగాళమునుండి, అనగా నేటి బంగ్లాదేశమునుండి, లక్షలకొలది జనులు ప్రాణములు అరచేత పెట్టుకొని పశ్చిమ బెంగాలునకు వచ్చి శిబిరములలో తలదాచుకొనిరి. మద్రాసు విద్యార్థులు కొందరు 'యంగ్ స్టూడెంట్స్ మూవ్‌మెంట్ ఫర్ డెవలప్‌మెంట్' అను సంఘముగా ఏర్పడి, సుమారు 400 మంది, ఆ శిబిరములలో సేవ చేయుటకు తరలిపోయిరి. వారికి నాయకుడు జో మడియత్ అను కేరళ యువకుడు. ఆ సంవత్సరమే అక్టోబరు నెలాఖరున ఒడిశా తీరమును ఘోరమైన తుఫాను తాకినది. సుమారు 10,000 మంది మరణించిరి. ఆ వార్త విని, విద్యార్థులలో 40 మంది ఇంటిదారి పట్టక ఒడిశాకు వచ్చిరి.

వచ్చినవారు ఏమి చేసిరి? కూలిన ఇండ్లు లేపుటకు తోడ్పడిరి. పొలములకు నీరు పారించు పనులు చేపట్టిరి. నీరు పారినది, పంటయు పండినది. కాని ఆ పంట భూమి గలవాని గాదెకే చేరినది. కూలివాడు కూలివాడుగనే మిగిలెను. తమ కష్టము ఎవరికి లాభించినదో చూచుకొన్నప్పుడు ఆ యువకులకు కన్నులు విచ్చినవి. అందులో చాలమంది తమ చదువులకు మరలిపోయిరి. కొందరు మాత్రము భూమి లేనివారికిని, కొండలలో వసించువారికిని ఉపయోగపడు పని వెదకుకొనుచు ఇచ్చటనే నిలిచిరి.

1976లో గంజాము జిల్లా అధికారులు వారిని పిలిపించి, గిరిజనులచేత పాడి సహకార సంఘము నడిపింపుడని కోరిరి. ఆలోచన మంచిదే. ఆవులున్న యెడల పాలు, పాలున్న యెడల పైకము, పైకమున్న యెడల పిల్లలకు చదువు. కాగితముపై చూచిన ఎవ్వరైనను ఔననియే అందురు. కాని ఆ కొండలలోని కంధులకు పాలు పితుకు ఆచారము లేదు. ఆవుపాలు దూడవి, దూడ నోటినుండి తీసికొని మనుష్యుడు త్రాగుట వారికి న్యాయముగా తోచదు. పశువును వారు దుక్కికై పెంచుదురు గాని పాడికై పెంచరు. పాడి పథకము అచ్చట వేరు పట్టలేదు.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు పకపక నవ్విరి. నవ్వవచ్చును, కాని ఎవరిని చూచి నవ్వవలెనో యోచింపవలెను. దూడకు పాలు విడిచిన కంధులను చూచియా? వారిని ముందుగా అడుగక పథకము వేసిన చదువరులను చూచియా? మేమైతే రెండవవారిని చూచి నవ్వుదుము. ఆ నవ్వులో మా వంతు సిగ్గును కొంత కలదు. ఏలయనగా తరగతిలో మేమును ప్రశ్న అడుగకయే సమాధానము చెప్పు అలవాటు గలవారమే.

పాడి పోయినను యువకులు పోలేదు. ఊరివారితో కూర్చుండి, మీ కష్టమేమని అడిగిరి. అప్పుడు బయటపడిన సంగతులు వేరు. సారా వర్తకునికి అప్పు. వడ్డీ వ్యాపారికి అప్పు. ఆ అప్పులక్రింద తాకట్టుపడిన పొలములు, చింతచెట్లు, మనుష్యుల రెక్కల కష్టము. ఇవి పాలచెంబుతో తీరు కష్టములు కావు. కేరండిమాల్ కొండల పల్లెలలో జనులు కూడి, సారాను మాన్పుటకును, తాకట్టు విడిపించుకొనుటకును పూనుకొనిరి. యువకులు వారికి తోడై నిలిచిరి. ఈ పనియే పెరిగి పెద్దదై, 1979 జనవరి 22వ తేదీన గ్రామ వికాస్ అను పేర రిజిస్టరు చేయబడినది.

తరువాతి సంవత్సరములలో ఆ సంస్థ చేసిన పని మన విజ్ఞానశాస్త్ర పాఠములకు దగ్గరగా నున్నది గనుక కొంచెము వివరింతుము. పశువుల పేడను సమపాళ్ల నీటితో కలిపి, గాలి చొరని భూగర్భపు తొట్టిలో నిలువయుంచిన యెడల, కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని కుళ్లబెట్టి వాయువును పుట్టించును. అందులో సగమునకు మించి మీథేను. అది గొట్టముద్వారా వంటింటికి వచ్చి పొగలేని మంటయగును. మిగిలిన ముద్ద చేనికి ఎరువగును. రోజునకు రెండు ఘనమీటర్ల వాయువు నిచ్చు తొట్టికి సుమారు 50 కిలోల పేడ కావలెను. అనగా ఇంట నాలుగైదు పశువులుండవలెను. 1980వ దశకమునందు మొదలుపెట్టి 1993 నాటికి గ్రామ వికాస్ వారు ఒడిశాలో ఇట్టి తొట్లను 54,000కు పైగా కట్టించిరి. పాలు పిండని పశువే ఈ విధముగా వంటచెరకు నిచ్చెను! అయినను నాలుగైదు పశువులు లేని పేదయింటికి ఈ తొట్టి అక్కరకు రాదని లెక్క చూచినవారికి వెంటనే తెలియును. పిల్లలారా, ఏ మంచి పనిని గూర్చి విన్నను ఈ లెక్క తప్పక వేయుడు.

ఇక నీటి సంగతి. దీనిని వ్రాయుటకు కొందరు సంకోచింతురు, మేము సంకోచింపము. పల్లెలలో రోగములకు మూలమేమని సంస్థవారు విచారింపగా, వానిలో ఎక్కువపాళ్లు చెడిననీటివలన వచ్చునవేయని తేలినది. నీరేల చెడినది? చెరువుగట్టు, డొంక, తోపు ఇవియే ఊరివారికి మరుగుదొడ్లు. తొలకరి వానకు అదంతయు కొట్టుకొనిపోయి చెరువులో పడును. ఆ చెరువులోనే స్నానము, అచ్చటనే గిన్నెలు తోముట, కొన్నిచోట్ల త్రాగునీరును అదియే. మగవారికి పగలు రాత్రి ఒక్కటియే. ఆడువారు మాత్రము తెల్లవారకమునుపో, చీకటి పడిన పిదపనో పోవలెను; నడుమ ఎంత అవస్థ కలిగినను ఓర్చుకొనవలెను.

1992లో అయిదు గ్రామములతో ప్రారంభించి ఆ సంస్థ యొక నియమము పెట్టినది. ఊరిలోని కుటుంబములన్నియు ఒప్పుకొననిదే పని మొదలుపెట్టరాదు. నూటికి తొంబది తొమ్మిది ఇండ్లు ఔనన్నను చాలదు. ఇది మొండితనముగా కనిపించును, కాని యోచింపుడు. ఒక్క ఇల్లు పాతపద్ధతిని విడువకున్నను, ఆ ఇంటి మాలిన్యము అందరి నీటిలోనికి వచ్చును గదా! ప్రతి ఇంటికి మరుగుదొడ్డి యొకటి, స్నానపు గది యొకటి, వంటింటితో కలిపి మూడు కొళాయిలు. నీరు ఒక్క తొట్టినుండియే అందరికిని. అగ్రవర్ణమువారి ఇంటికిని, ఊరి చివరనున్న వాడకును ఒకే నీరు, ఒకే గొట్టము. ఈ చివరి మాటవద్దనే అనేక గ్రామములలో సభలు ఆగిపోయినవట. ఒప్పించుటకు నెలలు గడచిన ఊళ్లు కలవు, ఏండ్లు గడచినవియు కలవు.

ధనము సంగతియు తెలిసికొనదగినదే. ప్రతి కుటుంబము సగటున వేయి రూపాయలు ఊరి మూలనిధికి చెల్లింపవలెను. కలవారు హెచ్చుగను, లేనివారు తక్కువగను ఇచ్చుకొనవచ్చును. సగటు మాత్రము తగ్గరాదు. ఎనుబది ఇండ్ల ఊరైన యెడల 80,000 రూపాయలు కూడును. అది బ్యాంకులో నుండును. నూటికి ఆరు రూపాయల వడ్డీ చొప్పున సంవత్సరమునకు 4,800 రూపాయలు వచ్చును. రేపు ఊరిలో పెండ్లియై క్రొత్త కాపురము వెలసినప్పుడు వారికిని మరుగుదొడ్డి కట్టుకొనుటకు ఆ వడ్డీ తోడ్పడును. నేడు వంద పాళ్లుగానున్న లెక్క పదేండ్లకు తొంబదికి జారిపోకుండుటకు ఇది ఉపాయము. ఎనిమిదవ తరగతి గణితమునకు ఇంతకంటె మంచి లెక్క మాకు దొరకలేదు.

కొండ ఊళ్లలో నీటికి విద్యుత్తు సైతము అక్కరలేదు. పైనున్న ఊటను గొట్టముద్వారా క్రిందికి తెచ్చిన చాలును. ప్రతి పది మీటర్ల ఎత్తునకు చదరపు సెంటిమీటరుపై సుమారు ఒక కిలో ఒత్తిడి ఏర్పడును. ఆ ఒత్తిడియే నీటిని కొళాయివరకు నెట్టుకొనివచ్చును.

ఇప్పుడు సెలవులలో పల్లెకు పోవు విద్యార్థి చేయు పని యేమో చూతము. అతడు పోయినంతనే ఊరు మారదు. సాధారణముగా అతనికి అప్పగింపబడునవి చిన్నపనులు. ఇంటింటికి పోయి జనసంఖ్య వ్రాసికొనుట, ఏ బావిలో ఏ నెల నీరెంత లోతున నున్నదో కొలుచుట, గ్రామసభలో ఎవరేమనిరో వ్రాయుట, నిధి లెక్కలు సరిచూచుట, రాత్రిబడిలో పిల్లలకు కూడికలు చెప్పుట. మొదటి వారము ఎవరును నోరు విప్పరు. సభలో ముందు కూర్చున్న నలుగురు పెద్దలే మాటలాడుదురు. వెనుక గోడనానుకొని నిలిచిన స్త్రీలు మాటలాడరు. వ్రాతగానికి తెలివియున్న యెడల, సభ ముగిసిన పిదప కొళాయివద్దకు పోయి నిలుచును. అసలు సభ అచ్చట జరుగును.

ఆ ఊరి యువకులు ఎక్కడనున్నారని అడిగిన యెడల సగముమందికి ఒక్కటే సమాధానము వచ్చును: సూరతు. మన గంజామునుండి లక్షలకొలది మనుష్యులు అచ్చటి మరమగ్గములలో పనిచేయుటకు పోవుచున్నారు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు వారు రైళ్లలోను బస్సులలోను మరలివచ్చిన దృశ్యము మనము కన్నులార చూచినదే. ఊరిలో పని నేర్పిన యెడల కొందరైనను నిలుతురను తలపుతో గ్రామ వికాస్ వారు పల్లె యువకులకును స్త్రీలకును తాపీపని నేర్పించిరి. ఊరివారి మరుగుదొడ్లను కట్టిన చేతులే పిమ్మట ఇతర ఊళ్లలో ఇండ్లు కట్టి కూలి సంపాదించినవి.

భాష సంగతి చెప్పకున్న ఈ వ్యాసము మన పత్రికకు తగదు. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము మద్రాసు రాష్ట్రమునుండి విడివడి ఒడిశాలో చేరిననాటినుండి మనము అల్పసంఖ్యాకులము. తెలుగు పుస్తకములు సకాలమున రావు, తెలుగు ఉపాధ్యాయులు చాలరు అని మనము చెప్పుకొను మాటలలో సత్యము కలదు. కాని కొండమీది సవర పిల్లవాని సంగతి యేమి? వాడు బడికి వచ్చిన మొదటిదినమున గురువు చెప్పిన ఒక్క మాటయు వానికి తెలియదు. మనకు బడి దూరమైనది గాని పుస్తకమైనను కలదు. వాని భాషకు చిరకాలము పుస్తకమే లేదు.

ఆ లోటును మొదట కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారే. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగానున్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సవరలు తెలిసినవానిని ఇంట నుంచుకొని వారి భాష నేర్చిరి. కొండలలో తిరిగి మాటలు సేకరించిరి. సవర భాషలోనే పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టించిరి. అడవులలో తిరుగగా వచ్చిన చలిజ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను వలన వారికి చెవుడు వచ్చినదని చెప్పుదురు. పరుల భాషను వినుటకు పోయినవాని చెవులే పోయినవి! వారి సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చైనవి. పర్లాకిమిడి ఒడిశాలో చేరిన 1936లో వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు పోయిరి. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి మేము ఇట్టి గ్రాంథికమున వ్రాయుట చూచిన యెడల వారు కర్ర పుచ్చుకొనియుందురేమో! పాఠకులు క్షమింతురుగాక.

పంతులుగారు పోయినది సెలవులలో కాదు, ఒక నెలకును కాదు. కాని వారి పద్ధతి నేటి విద్యార్థికి అక్కరకు వచ్చును: ముందు విని, పిమ్మట వ్రాసి, తరువాతనే నేర్పుట. 2007 మొదలుకొని ఒడిశా ప్రభుత్వము సవర, కుయి మొదలగు పది గిరిజన భాషలలో చిన్న తరగతుల బోధన ప్రారంభించినది.

కంధుల భాషయైన కుయి మన తెలుగునకు దగ్గరి చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రెండును దక్షిణమధ్య ద్రావిడ శాఖకు చెందినవి. కంటిని మనము కన్ను అందుము. వారు కను అందురు. సవర భాషయో, ముండా కుటుంబమునకు చెందిన వేరు భాష. ఇంట తెలుగు, బజారులో ఒడియా, బడిలో హిందీ, ఇంగ్లీషు వినుచు పెరిగిన బరంపురపు బిడ్డకు ఇంకొక భాష చెవికి సోకినప్పుడు భయము కలుగదు. ఇది మన పిల్లలకుగల సొత్తు. మేము తరచుగా దీనిని లోటుగా భావించి విచారించుచుంటిమి. ఆ విచారము తప్పని ఇప్పుడు తోచుచున్నది.

ఇక తల్లిదండ్రుల సందేహములు. మార్కులు వచ్చునా? కొన్ని కళాశాలలు ఈ పనికి మార్కులు ఇచ్చుచున్నవి. ఇయ్యని కళాశాలలును కలవు. ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఉద్యోగము వచ్చునని మేము మాట ఇయ్యజాలము. ఆడపిల్లను పంపవచ్చునా? ఈ ప్రశ్నకు ఊరకే ఔననుట మాకు ఇష్టము లేదు. బస ఎక్కడ, ఆ కేంద్రములో స్త్రీ ఉద్యోగులు నివసించుచున్నారా, రాత్రివేళ ఊళ్లకు తీసికొనిపోవు వాహనమేది, పనిని చూచు అధికారి పేరును ఫోను నెంబరును ఏవి, భోజనపు ఖర్చు ఎవరిది, ఇన్నియు జాబు మూలముగా అడుగవలెను. సమాధానము సూటిగా రాని చోటికి పంపనక్కరలేదు. దోమతెర తప్పనిసరి. మే నెల ఎండలో పదునొకండు గంటల తరువాత నడువరాదు. కట్లపాము భయమున్నది గనుక నేలపై పరుండరాదు. ఆ తండ్రిగారు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పోయిరి. కుమార్తెచేతనే జాబు వ్రాయించెదనని చెప్పిరి.

ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఇట్టి సంస్థలలో చేరు వయస్సు ఇంకను రాలేదు. అయినను మీకు పని లేకపోలేదు. ఋషికుల్య నది సముద్రమున కలియుచోట పురుణబంధ, గోఖరకుద, పొదంపేట మొదలగు జాలరి పల్లెలు కలవు. ఆ ఇసుకపై ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొలదిగా వచ్చి గ్రుడ్లు పెట్టును. సుమారు 50 దినములకు పిల్లలు బయటకు వచ్చి, వెలుగున్న వైపునకు నడచును. సముద్రపు మెరుగును విడిచి వీధిదీపముల వైపు పోయిన పిల్లలు చచ్చును. ఆ పల్లెల యువకులు తామే సంఘముగా ఏర్పడి, రాత్రులు కాపలా కాచి, దారితప్పిన పిల్లలను బుట్టలతో సముద్రమునకు చేర్చుచున్నారు. గంజాము తీరపు జాలరులలో తెలుగు మాటలాడువారు పెక్కురు. ఏప్రిలు, మే నెలలలో చుట్టముల ఇంటికి ఆ వైపు పోవువారు పెద్దల అనుమతితో ఆ పనిని చూచి రావచ్చును.

తక్కినవారు అమ్మమ్మగారి ఊరనే ఉండి ఒక నోటుపుస్తకము నింపవలెను. ఊరిలో ఎన్ని బావులు, అందులో మే నెలలో ఎండునవి ఎన్ని, నీరు మోయునది ఎవరు, బిందె బరువెంత, రోజునకు ఎన్ని మార్లు నడుతురు, మరుగుదొడ్డి కట్టియు వాడని ఇండ్లెన్ని, వాడకపోవుటకు వారు చెప్పిన కారణమేమి. ఈ చివరి ప్రశ్నను పెద్దలను అడుగునప్పుడు మర్యాదగా అడుగవలెను, చెప్పనన్నవారిని బలవంతపెట్టరాదు. సమాధానమును మీ మాటలలోనికి మార్చక, వారు ఏ భాషలో ఏ మాటతో చెప్పిరో ఆ మాటతోనే వ్రాయుడు. పేర్లు వ్రాయవలదు. బడి తెరచిన మొదటి వారమున పుస్తకములను తెలుగు పండితులవారికి అప్పగింపవలెను. సిరాతో వ్రాసినది చెమటకు చెరగిపోవును గనుక పెన్సిలుతోనే వ్రాయుడు.